దిగేటప్పుడు ఒక గ్లాసుడు

శుద్ధ విదియ
ఇంధనం: సున్నా.

ఎగువ సర్కిల్ ఆఫీసువాళ్ళు చెప్పింది ఇదీ: గట్టు మీదున్న హైబ్రిడ్ కారు మంచేమిటో, చెడేమిటో నెల్లాళ్ళు రాసి ఉంచాలి. అమావాస్యలోగా ఇంజనీరు వచ్చి చూస్తారు. చెడు ఎక్కువ తేలితే కారును కరిగింపుకి పట్టుకెళ్ళి, బదులుగా రెండు కొత్త బ్యాటరీ బండ్లు ఇస్తారట. రాసేది ఎవరయ్యా అంటే నేనే, పెంకే వీరవేణిని, ఈ కారు డ్రైవర్ని. తల్లిని కూర్చోబెట్టి పిల్ల మీద చాడీలు రాయమన్నట్టుంది. అయినా రాస్తాను. అబద్ధం మాత్రం రాయను.

తేదీలు లేవేమని ఎగువ వాళ్ళు అడగొద్దు. సముద్రం లోపలికొచ్చి లంకలన్నీ ములిగాక మాకు మిగిలిన నేల ఈ గట్టొక్కటే. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కుతుంది, అష్టమికి దిగుతుంది. మాకు తిథి తెలిస్తే చాలు.

కారు సంగతి. ఇందులో కరెంటు మోటారొకటి, ఇంజనొకటి ఉన్నాయి. షెడ్డు మీది సోలార్ పలకల నుంచి బ్యాటరీ నింపుకుంటాం. అది చాలకపోతే ఇంజను దానంతట అదే అందుకుంటుంది. ఇంజనుకి రేషన్ పెట్రోలూ, ధనకొండలు మావ బట్టీలో అరటి బోదెలూ పళ్ళూ మగ్గబెట్టి తీసే స్పిరిట్టూ కలిపి పోస్తాం. మేం దీన్ని జోడుబండి అంటాం. మొన్న వేసవిలోనే వచ్చింది. ముసురు నెల దీనికి ఇదే మొదటిది.

మొదటి మంచి: ఇంధనం అసలు తాగదు. మూడు నెలలుగా ఇంజను తిరగలేదు. అలా గడిచిన ప్రతి రోజుకీ షెడ్డు తలుపు మీద ఒక సుద్దగీత గీస్తాను. తలుపు నిండిపోయి ఇప్పుడు గోడ మీదికి పాకింది. అమావాస్య అమావాస్యకీ గట్టు పెద్దలు నాకో కనకాంబరాల దండ వేస్తారు. వద్దు వద్దంటూనే వేయించుకుంటాను.

ట్యాంకు మాత్రం ఎప్పుడూ నిండుగా ఉంటుంది. మా వైపు ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వం. పులుసు వచ్చిన గిన్నెలో కనీసం నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి పంపుతాం. కారుకీ అదే మర్యాద అంటుకుంది. ఎక్కిన ప్రతివాళ్ళూ దిగేటప్పుడు ఇంటి సీసాలోంచి ఒక గ్లాసుడు స్పిరిట్ ట్యాంకులో పోసి, బానెట్ తాకి కళ్ళకద్దుకుని వెళ్తారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, ఆ గ్లాసు పోస్తున్నప్పుడు వాళ్ళ మొహాలు చూస్తే నాకు కడుపు నిండిపోతుంది.

రేపు బావ వంతు.

శుద్ధ తదియ
ఇంధనం: సున్నా.

బావంటే మా తాయారక్క మొగుడు, సూరిబాబు. మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు ఎగువ ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తం కడిగించాలి. కారు రాకముందు పోటూ పాటూ చూసుకుని పడవలో తీసుకెళ్ళేవాళ్ళం. ఒకసారి నడి నీళ్ళలో స్పృహ తప్పాడు. అక్క ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, ఏడవడం కూడా మర్చిపోయి, పడవ అంచు పట్టుకుని కూర్చుంది. ఆ మొహం నేను మర్చిపోలేను. అందుకే ఈ కారు తాళం చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

బావకి మాత్రం ఆ భక్తి లేదు.

"కాళ్ళు పెట్టుకోడానికి చోటేదే ఇందులో? మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. రాసుకో," అన్నాడు.

"నీ సీటు కింద బ్యాటరీ ఉంది బావా. నిన్ను డిక్కీలో పడేసి దాన్ని పైన కూర్చోబెట్టమంటావా?"

"డిక్కీలో మాత్రం చోటెక్కడేడిసింది? సగం అక్కడా అదేగా. రెండు బత్తాలు పట్టవు. అదీ రాసుకో."

రాశాను. చెడు: వెనక సీటు ఇరుకు. డిక్కీ పేరుకే డిక్కీ.

మంచి: వంతెన దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెడితే బ్యాటరీ ముల్లు పైకి లేస్తుంది. ఖర్చు పెట్టింది కొంత తిరిగిచ్చే వస్తువు నా బతుకులో ఇదొక్కటే చూశాను. ఈ మాటంటే బావ, "మీ అక్కకి జీతమిస్తే పైసా తిరిగొచ్చేది కాదు, దాని బదులు దీన్ని కట్టుకోవాల్సింది," అన్నాడు. ఇంటికెళ్ళాక అక్కకి చెప్పాను. పూర్తిగా చెప్పాను.

చెడు: చప్పుడు లేదు. కరెంటు మీద నడిచేటప్పుడు పిల్లిలా వెళ్తుంది. గేదెలకి వినపడదు, అడ్డం లేవవు. అందుకే ముందు బంపరుకి గజ్జెలు కట్టాను. ఇప్పుడు గజ్జెలు వినపడితే గేదెలతో పాటు పిల్లలూ లేస్తారు.

వచ్చేటప్పుడు బావ నిద్రపోయాడు. రక్తం కడిగించుకున్న రోజు మనిషి తడిగుడ్డలా అయిపోతాడు. అంత నెమ్మదిగా, కుదుపు లేకుండా తీసుకొచ్చింది కారు. నేను అద్దంలో ఆయన్ని చూస్తూ నడిపాను. బతికున్నాడు, గురక పెడుతున్నాడు, ఇంకేం కావాలి? దిగేటప్పుడు ఎప్పట్లాగే అక్క గ్లాసుతో ఎదురొచ్చింది.

శుద్ధ దశమి
ఇంధనం: సున్నా. (ఇంజను ఒకసారి దగ్గింది. లెక్కలోకి రాదు.)

ముసురు పట్టింది. పలకల మీద ఎండ పడి నాలుగు రోజులైంది. ఉన్న కరెంటు ముందు మంచినీళ్ళ మిషనుకి, తర్వాత మందుల ఫ్రిజ్‌కి, మిగిలితే కారుకి. సగానికి మించి ఎక్కడం లేదు.

బావని తీసుకెళ్తుంటే వంతెన ఎత్తు మీద బ్యాటరీ తగ్గి, ఇంజను తనంతట తాను అందుకుంది. అందుకుందో లేదో, ఖళ్ళుమని దగ్గి కారంతా కుదిపింది. నేను గబుక్కున కరెంటు మీట నొక్కేశాను. నెమ్మదిగా పాక్కుంటూ ఎక్కేశాం.

"దగ్గుతోందే," అన్నాడు బావ.

"జలుబు చేసుంటాది. నీకెందుకు?"

"నాకెందుకేంటి, లోపల కూర్చున్నది నేను గదా!"

"మూడు నెలలుగా పడుకుంది బావా, బద్ధకం. సుద్దగీత పోకుండా గట్టెక్కాం, అది చూడు."

"సుద్దగీత నువ్వు నాక్కో," అన్నాడు.

ఆసుపత్రిలో చార్జి పెట్టనిచ్చారు. ఆ పుణ్యాన వెనక్కి వచ్చాం. షెడ్డులో దిగాక గీత గీశాను. చెయ్యి ఒక్క క్షణం ఆగింది గానీ, గీశాను.

శుద్ధ త్రయోదశి
ఇంధనం: సున్నా.

ఈ రోజు ఈ సున్నా రాస్తుంటే ఒళ్ళు మండుతోంది.

ఈ రోజు బావ వంతు తప్పిపోయింది. ఉన్న చార్జితో వంతెనకి ఇవతలి తూము దాకా కూడా వెళ్ళలేం. సరే, ఇంజను ఉంది కదా, ట్యాంకు నిండుగా ఉంది కదా అని షెడ్డులోనే ఆడించబోయాను. కర్రుకర్రుమంది, వణికింది, ఆగిపోయింది. పదిసార్లు తిప్పాను. అదే పని. సాయంత్రానికి బావ పాదాలు పొంగాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. ఆయన జోకులు మానేశాడు. నాకు భయం వేసింది దానికే.

ట్యాంకు మెడ దాకా నిండుంది, ఇంజను మాత్రం అందుకోదు. అంటే స్పిరిట్‌లోనే లోపం. నీళ్ళు కలిసి ఉండాలి. గట్టు మీద స్పిరిట్ తీసేది ఒక్కరే, ధనకొండలు మావ. తిన్నగా బట్టీకి వెళ్ళాను. సీసాలు పట్టుకుని జనం నిలబడ్డారు. వాళ్ళ ముందే అడిగేశాను.

"ఏం మావా, ఎన్ని నీళ్ళు కలుపుతున్నావు?"

ఆయన పొయ్యి దగ్గర నుంచి తలెత్తాడు. "ఏంటే వేణీ?"

"ఇంజను చచ్చింది. ట్యాంకంతా నీ స్పిరిట్టే. మా బావ కాళ్ళెలా ఉన్నాయో చూసొచ్చావా?"

"దిగిందానికి దిగినట్టు నిప్పంటించి చూత్తానే. నీలంగా మండితేనే సీసాకెత్తుతాను. అది నీకూ తెలుసు."

"మరి నీళ్ళెక్కణ్ణుంచి వచ్చినియ్యి? దేవుడు పోశాడా?"

మావ చేతిలోని గరిటె నెమ్మదిగా కింద పెట్టి, పీట కోసం చేత్తో తడుముకుని కూర్చున్నాడు. మొహం చిన్నబోయింది. సీసాలు పట్టుకున్నవాళ్ళలో ఇద్దరు వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. నేనూ వచ్చేశాను.

నేనన్నది తప్పయితే, తప్పని ఎవరైనా చూపించాలి. ట్యాంకులో తప్పు ఎక్కడో ఒకచోటి నుంచి రావాలి కదా.

పౌర్ణమి
ఇంధనం: తర్వాత రాస్తాను.

ఎగువ ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. చేతులకి స్పిరిట్ కంపు ఇంకా పోలేదు. వరసగా రాయకపోతే రేపటికి నేనే నమ్మను.

పొద్దున కాస్త తెరిపిచ్చి బ్యాటరీ మూడో వంతు ఎక్కింది. అప్పుడే ఇంజనీరు దిగారు. మధ్యాహ్నం పోటుకి పడవలు ఆపేస్తారని పొద్దున్నే వచ్చేశారట. పేరు సుగుణ. సన్నగా, గొడుగు కంటే కాస్త లావుగా ఉన్నారు. భుజాన పనిముట్ల సంచి. కాగితాలు తీయబోతుంటే చెప్పాను.

"ఇంజనీరుగారూ, కాగితాలు కార్లో చూద్దురుగాని, ఎక్కండి. మా బావకి ఊపిరాడట్లేదు."

ఆవిడ బావ వైపు ఒక్కసారి చూసి ముందు సీట్లో కూర్చున్నారు. అక్క వెనక ఆయన్ని పట్టుకుని కూర్చుంది. నా లెక్క ఏమిటంటే, నెమ్మదిగా వెళ్తే మూడో వంతు చార్జితో వంతెన దాటేస్తాం, ఆ తర్వాత అంతా పల్లమే. కానీ ఎదురుగాలి నా లెక్కలో లేదు. ఒక పక్క నుంచి అలలు గట్టు మీదికి చిమ్ముతున్నాయి. వైపర్లూ లైట్లూ ఆపడానికి లేదు. తూము దగ్గరకొచ్చేసరికి ముల్లు అడుగంటింది. ఇంజను అందుకోబోయింది, దగ్గింది, ఇంకోసారి దగ్గింది. కారు ఆగిపోయింది. గజ్జెలు కూడా ఆగిపోయాయి.

"అయిపోయిందా?" అంది అక్క. కారు గురించి అడిగిందో బావ గురించి అడిగిందో నాకు తెలియదు.

సుగుణగారు వానలోకి దిగి, కారు కిందికి దూరి, ట్యాంకు అడుగు మర ఒకటి వదులు చేసి, ఒక ఖాళీ సీసా అడిగారు. బావ మంచినీళ్ళ సీసా ఒంపేసి ఇచ్చాను. నింపి పైకెత్తి పట్టుకున్నారు.

సీసాలో అడ్డంగా గీత. నాలుగింట మూడు వంతులు కింద తెల్లగా నీళ్ళలా ఉంది, పైన కాస్త లేత పసుపు తేలుతోంది. ఎంత ఊపినా మళ్ళీ విడిపోయాయి.

"మావ... నీళ్ళు కలిపాడన్నమాట," అన్నాను.

"ట్యాంకు మూత ఎన్నిసార్లు తీస్తారు?" అని అడిగారు ఆవిడ.

"ఎక్కినోళ్ళు దిగినప్పుడల్లా అండి."

"దేనికి?"

"గ్లాసుడు పోయడానికండి. ఊరికే దిగి వెళ్ళిపోతే బాగుండదు కదండి."

ఆవిడ నా మొహంలోకి చూసి, కోపమో జాలో తెలియకుండా చెప్పారు. "ఎవరూ నీళ్ళు కలపలేదమ్మా. స్పిరిట్ గాల్లో తడిని పీల్చుకుంటుంది. మీది ఉప్పుగాలి. మూత తీసినప్పుడల్లా కాస్త, వానలో ఇంటి నుంచి తెచ్చే గ్లాసులో కాస్త. ఇంజను తిరుగుతూ ఉంటే దాంతోపాటు కాలిపోయేది. మీరు తిరగనివ్వలేదు. ఈ చలికి స్పిరిట్టూ నీళ్ళూ ఒకటై అడుక్కి దిగాయి, పెట్రోలు పైకి తేలింది. పంపు అడుగు నుంచే కదా లాగుతుంది."

"మరి సుద్దగీతలు..." అన్నాను. ఏమంటున్నానో నాకే తెలియలేదు.

"జోడెద్దుల్లో ఒకదాన్నే కట్టి, రెండోదాన్ని మూడు నెలలు కొట్టంలో మేపారు. దాని తప్పేముంది?"

నాకు తల కొట్టేసినట్టయింది. బట్టీ దగ్గర పీట కోసం తడుముకున్న చెయ్యి గుర్తొచ్చింది. కానీ అప్పుడు సిగ్గుపడటానికి కూడా తీరిక లేదు. "ఇప్పుడేం చెయ్యాలండి?" అన్నాను.

"ఇదంతా వదిలేసి తాజాది పోయాలి. ఈ ఇంజను వట్టి స్పిరిట్‌తో కూడా తిరుగుతుంది. ఎంత దొరుకుతుంది?"

తూముపేట ఇళ్ళ వైపు పరుగెత్తాను. అరవాల్సిన పనే లేకపోయింది, కారు ఆగడం చూసి అప్పటికే గుమ్మాల్లోకి వచ్చారు. సంగతి చెప్పగానే ఎవరి సీసా వాళ్ళు తెచ్చారు. కంచాలు మూతపెట్టి, కొంగుల కింద దాచి, వాన చుక్క పడకుండా తెచ్చారు. వాళ్ళిచ్చిన ఖాళీ డబ్బాల్లోకి పాతదంతా దింపేశాక, రోజూ దిగేటప్పుడు పోసేవాళ్ళు ఎక్కకుండానే పోశారు. అయినా ఇళ్ళలో ఉండేది ఎంత? ముసురుకి పొయ్యిల్లోకీ అదే వాడేశారు. అన్నీ కలిపినా ట్యాంకు అడుగు తడిసింది.

"వంతెన దాకా రాదు ఇది," అన్నారు సుగుణగారు.

అక్క తలుపు తెరిచి, "వేణీ, మాట్లాడట్లేదే ఈయన," అని కేక వేసింది.

అప్పుడే గట్టు పొడవునా కట్టిన తాడు పట్టుకుని, భుజం మీద పెద్ద డబ్బాతో ఒక మనిషి నడిచొస్తున్నాడు. ఒక అడుగు వేసి, తాడు తడుముకుని, ఇంకో అడుగు. అల చిమ్మినప్పుడల్లా ఆగి, డబ్బా తడవకుండా ఒళ్ళు అడ్డం పెడుతున్నాడు. ధనకొండలు మావ.

డబ్బా దించాడు. నా వైపు చూడలేదు. "ఎవరమ్మా ఇంజనీరుగారు? రాత్రి దిగిన సరుకండి. నిప్పంటించి చూసుకోండి," అన్నాడు.

"అక్కర్లేదు మావా," అన్నాను.

"నీకు కాదే చెప్పింది."

పడాల్సిన మాటే. పడ్డాను.

మావ డబ్బా ట్యాంకులోకి ఒంపాం. "కారాగిందని నీకెలా తెలిసింది?" అని తూముపేటవాళ్ళు అడుగుతుంటే, "గజ్జెలు తూము దగ్గర ఆగిపోతే ఇంకేం అర్థమవుద్ది?" అంటున్నాడు మావ. అంత గాలిలో, అంత దూరం నుంచి ఎలా విన్నాడో!

తాళం తిప్పాను. కర్రుమంది. మళ్ళీ తిప్పాను. దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ఉన్నట్టుండి గొంతు సవరించుకున్నట్టు ఒక్క అరుపు అరిచి అందుకుంది. ఆ గోల! మూడు నెలల తర్వాత విన్నాను. గట్టు మీద జనం ఈలలు వేశారు. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు.

వంతెన ఎక్కుతుంటే వెనక సీట్లోంచి నీరసంగా ఒక గొంతు వినిపించింది.

"ఏంటే ఆ గోల... రాసుకో... చప్పుడెక్కువ."

"రాత్తాను బావా," అన్నాను. "నువ్వేం చెప్తే అది రాత్తాను."

ఇంధనం: డబ్బాలో సగం. అంతా ధనకొండలు మావది.

బహుళ తదియ
ఇంధనం: మిగతా సగం, వచ్చేటప్పుడు.

బావని రెండు రోజులు ఉంచి రెండుసార్లు రక్తం కడిగారు. ఈ రోజు ఇడ్లీలో ఉప్పు లేదని నర్సుతో గొడవ పడ్డాడు. ఉప్పు మానేసి రెండేళ్ళయిందన్న సంగతి ఆయనకి గుర్తులేదా? గుర్తుంది. గొడవ కావాలి, అంతే. ఆ గొడవ వింటూ అక్కా నేనూ వరండాలో ఒకరినొకరు పట్టుకుని నవ్వాం.

ఎవరెవరికి దణ్ణం పెట్టాలో లెక్క తేలడం లేదు. కాగితాలు పక్కన పడేసి బురదలో పడుకున్న సుగుణగారికి. కంచాలు మూతపెట్టి తెచ్చిన తూముపేటవాళ్ళకి. నన్ను తిట్టకుండా ఒక్క మాటతో వదిలిన మావకి. ఈ కారుకి కూడా. మేం దాన్ని చెడగొట్టినా, సరైన తిండి పెట్టగానే లేచి పరుగెత్తింది.

అన్నట్టు చెడు రాయాలి. సుగుణగారు దగ్గరుండి రాయించారు. ఒకటి: ఇందులో రెండు యంత్రాలు, కనుక జబ్బులు కూడా రెండు రకాలు. ఇంజనుకి తెలిసిన మేస్త్రీకి మోటారు తెలియదు, మోటారు తెలిసినవాడు ఇంజను ముట్టుకోడు. రెండు: బ్యాటరీ పాతబడుతోంది. ఇంకో నాలుగైదేళ్ళకి దిగిపోతే, ఆ రకం ఇప్పుడు చెయ్యడం లేదు. మూడు: బరువు. రెండింటినీ మోసుకుంటూ తిరుగుతుంది కాబట్టి ఇంజను మీద నడిచినప్పుడు మనం గొప్పలు చెప్పుకున్నంత పొదుపేమీ కాదు.

ఇవేవీ కాదనను. "మంచి పక్కన ఏం రాస్తారు?" అని అడిగారు ఆవిడ. బావ మంచం వైపు చూపించాను.

బహుళ షష్ఠి
ఇంధనం: కొంచెం. కావాలనే.

మావ డబ్బా తిరిగివ్వాలి. ఖాళీగా ఇవ్వకూడదు. స్పిరిట్ డబ్బాలో తినేవి పెట్టలేం, స్పిరిట్ పోద్దామంటే అది ఆయన బట్టీలోదే. అక్క సున్నుండలు చుట్టిస్తానంది, వద్దన్నాను. అంత మాట అనేసి సున్నుండలు పట్టుకెళ్తే లంచంలా ఉంటుంది. చివరికి వట్టి డబ్బాతోనే వెళ్ళాను. బట్టీ ముందు సీసాలతో జనం ఉన్నప్పుడే వెళ్ళాను. అన్నది వాళ్ళ ముందు కాబట్టి.

"మావా, ఆ రోజు నేనన్న మాట తప్పు. నీళ్ళు నువ్వు కలపలేదు. మేమందరం కలిపాం. నోరు జారాను, క్షమించు," అన్నాను.

"వట్టి డబ్బా తెచ్చావేంటే?" అన్నాడు మావ.

"ఏం పెట్టాలో తెలీలేదు మావా."

డబ్బా కోసం చెయ్యి చాపాడు. నేను కుడి పక్క నిలబడి ఉంటే ఆయన చెయ్యి ఎడమ పక్క వెతికింది. అప్పుడు చూశాను. కంటిపాప మీద తెల్లగా పొర. రెండో కంట్లో కూడా సగానికి పైగా కమ్మేసింది. పీట కోసం తడుముకున్నది, తాడు పట్టుకుని నడిచింది, గజ్జెల్ని చెవులతో చూసింది, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి.

"ఎన్నాళ్ళయింది మావా ఇలా?"

"మూడేళ్ళవుతుంది. మంట నీలంగా ఉందో లేదో మా కోడలు చూసి చెప్తాదిలే, పనాగదు."

"ఎగువ ఆసుపత్రిలో పొర తీసేత్తారు గదా! వేసవి నుంచీ వారానికి రెండుసార్లు వెళ్తన్నాను. ఒక్క మాటంటే తీసుకెళ్ళేదాన్ని కాదా?"

మావ గొంతు తగ్గించాడు. "మీ బావతో పాటు కూర్చుందామంటే ఆయన పడుకుని రావాలి, చోటు లేదు. వేరేగా వెళ్దామంటే అదింకో ప్రయాణం. చార్జి చాలదు, ఇంజను తిరగాలి. నీ సుద్దగీతలు నా వల్ల చెరిగిపోడం దేనికిలే అని."

ఆ గీతలు చూసి ఇంకెంతమంది ఇలా ఊరుకున్నారో! సీసాలు పట్టుకున్నవాళ్ళలో ఒకావిడ తల వంచుకుంది. ఆవిడ కూతురికి పన్నుపోటని నెల నుంచీ వింటున్నాను.

ఇంటికి పోతూ షెడ్డు దగ్గర ఆగి, తడిగుడ్డ తీసుకుని, తలుపూ గోడా శుభ్రంగా తుడిచేశాను.

అమావాస్య
ఇంధనం: డబ్బాడు. ఈ నెలలో అన్నిటికంటే ఎక్కువ.

పొద్దున గట్టు సమావేశం. సుగుణగారు నేను రాసిందంతా చదివి వినిపించారు. బావ మోకాళ్ళ సంగతి వచ్చినప్పుడు అందరూ నవ్వారు. బావ లేచి, "ఇంకా ఉన్నాయండి," అన్నాడు. కూర్చోబెట్టారు.

కొత్త బండ్లు రెండూ మంచివేనని ఆవిడ దాచకుండా చెప్పారు. చోటెక్కువ, జబ్బులు తక్కువ, డిక్కీలో నాలుగు బత్తాలు పడతాయి. ముసురులో చార్జి లేకపోతే మాత్రం రెండూ షెడ్డులోనే ఉంటాయి. "జోడుబండి ఎల్లకాలం పనిచెయ్యదు. బ్యాటరీ దిగిపోయిన రోజున, ఈ రెండు బండ్లూ వదులుకున్నందుకు మీరు బాధపడొచ్చు. ఆలోచించుకోండి," అన్నారు. గట్టు పెద్దలు నన్ను చూశారు. రాయాల్సింది రాసేశాను కదా అని కాగితాలు చూపించాను. అక్క చెయ్యెత్తింది. తర్వాత తూముపేట మొత్తం ఎత్తింది. కారు ఉండిపోయింది.

రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాం. వారానికొకసారి వేడెక్కే దాకా ఇంజను తిరగాలి. ట్యాంకు మూత నేను తప్ప ఎవరూ తీయకూడదు. గ్లాసు పోయాలనుకుంటే బట్టీ దగ్గర బిగుతు మూత పీపాలో పోయాలి. ఈసారి నాకు దండ వెయ్యలేదు. మంచిదే.

సమావేశం కాగానే ఎగువకి బయల్దేరాను. మావని తీసుకురావాలి. మొన్న నేనే దింపి వచ్చాను, కంటికి ఆపరేషన్ అయింది, ఈ రోజు కట్టు విప్పారు. ముందు సీట్లో కూర్చోబెట్టాను. వంతెన ఎక్కేటప్పుడు కావాలనే ఇంజను మీదికి మార్చాను. అదేమో దర్జాగా అరుచుకుంటూ ఎక్కింది.

"ఏంటే ఈ గోల?"

"నీ సరుకే మావా. ఎలా మండుతోందో వినలేదా?"

మావ నవ్వలేదు. కిటికీలోంచి చూస్తున్నాడు. గట్టూ, గట్టుకి రెండు పక్కలా నీళ్ళూ, తూమూ, అరటి తోటలూ. "ఆ పలకలు నల్లగా ఉంటాయా? నీలమనుకున్నాను," అన్నాడు. కాసేపటికి, "నువ్వు ముసలిదానివయ్యావే వేణీ," అన్నాడు. ఆ కన్ను పెట్టించింది నేనే కదా, ఏమంటాను?

బట్టీ ముందు ఆపాను. కోడలు ఎదురొచ్చి చెయ్యి అందించబోతే వద్దని తానే దిగాడు. దిగి, ఎటూ వెళ్ళకుండా నిలబడ్డాడు. లాల్చీ జేబులోంచి స్టీలు గ్లాసు తీశాడు, సంచిలోంచి చిన్న సీసా తీశాడు. వెళ్ళేటప్పుడు దిగింది ఆసుపత్రి దగ్గర, గట్టు మీద ఈ కారు దిగడం ఆయనకి ఇదే మొదలు. కట్టుబాటు సంగతి తెలియదు, పొద్దున ఊళ్ళో లేడు. గ్లాసు నిండా ఒంపుకుని, వెనక్కి నడిచి, కొత్త కంటితో ట్యాంకు మూత ఎక్కడుందో తానే వెతికి పట్టుకున్నాడు.

నేను గబగబా దిగి మూత మీద అరచెయ్యి అడ్డం పెట్టాను.

"తియ్యవే. ఊరికే దిగి పోతానా?" అన్నాడు.

"నువ్వు ఎక్కకముందే పోసేశావు మావా," అన్నాను. "ఇంట్లోకి పద."